పాత పికప్‌కు మరో ఇంజిన్ ఎక్కించి ఆరేళ్లు నడిపాక

మా పికప్ 2008లో రిజిస్టరైన మహీంద్రా డీజిల్ బండి. ఏపీ 28తో మొదలయ్యే పసుపు నంబరు ప్లేటు, 2523 సీసీ డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) ఇంజిన్. మొయినాబాద్ దగ్గర మాకున్న నర్సరీ నుంచి హైదరాబాద్ నగరంలోని ఇళ్లకు మొక్కలు, ఎర్రమట్టి, పశువుల ఎరువు చేరవేయడం దాని పని. పదకొండేళ్లలో మూడు లక్షల ఇరవై వేల కిలోమీటర్లు తిరిగింది. 2019 వేసవిలో ఒక మధ్యాహ్నం రేడియేటర్‌లో నీళ్లు తగ్గిన సంగతి గమనించకుండా నిండు లోడుతో చేవెళ్ల రోడ్డు మీద లాగించాను. ఆ రోజుతో సిలిండర్ బ్లాకు పగిలింది. ఇందులో బండి తప్పేమీ లేదు, ఉష్ణోగ్రత ముల్లు చూడకపోవడం పూర్తిగా నా అశ్రద్ధే. అయితే అంతకు మూడు నెలల ముందే పొగ పరీక్షలో రీడింగు 78 వచ్చింది. ఉండవలసినది 65 లోపు. కాబట్టి ఆ ఇంజిన్ కాలం ఎలాగూ దగ్గరపడిందనే అనుకోవాలి.

బ్లాకే పగిలాక బోరు చేయించే (సిలిండర్లను తొలిచి సరిచేయించే) మాట లేదు. వనస్థలిపురం పక్కనున్న ఆటోనగర్‌లో నాలుగు షెడ్లు తిరిగాను. నాలుగు చోట్లా ఒకే సలహా వినిపించింది. "సార్, ఎట్లాగూ ఇంజిన్ దించుతున్నం, కామన్ రైల్ ఇంజిన్ ఎక్కిద్దాం, బండి గాలిలో తేలుతది" అన్నాడొక మేస్త్రీ. కామన్ రైల్ అంటే డీజిల్‌ను అధిక ఒత్తిడిలో ఉంచి, కంప్యూటరు అదుపులో సిలిండర్లలోకి చిమ్మే కొత్తరకం ఇంజిన్. మౌంటింగులు కొద్దిగా మారిస్తే చాలని, గేర్‌బాక్సు కూడా సరిపోతుందని ధైర్యం చెప్పాడు. నాకూ ఆశ కలిగిన మాట నిజం. పొగ తక్కువ, లాగుడు ఎక్కువ, పైగా కొత్త ప్రమాణాలకు తయారైన ఇంజిన్ కాబట్టి కాలుష్య నిబంధనలకు ఇంకా బాగా సరిపోతుందనే అనుకున్నాను. ఆ లెక్క ఎక్కడ తప్పిందో కాగితాల దగ్గరికి వెళ్లాకే అర్థమైంది.

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ వంటి వేరే ఇంధనానికి మారేందుకు ఆమోదం పొందిన కిట్టు అమర్చుకోవడానికి అదే సెక్షన్ వీలు కల్పిస్తుంది. ఇంజిన్ పాడైతే మరొకటి పెట్టుకోవడానికీ దారి ఉంది, కాకపోతే రిజిస్టరింగ్ అధికారి అనుమతి తీసుకోవాలి, అనుమతి లేకుండా మార్చినవారు 14 రోజుల్లోగా ఆర్‌సీతో సహా తెలియజేయాలి. మరో మోడల్ ఇంజిన్‌ను ఈ దారిలో ఎక్కించడం కుదరని పని. 2019 సవరణ తర్వాత, అనుమతించని మార్పు ఒక్కొక్కదానికి ఐదు వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించవచ్చని 182ఏ సెక్షన్ చెబుతోంది.

చట్టాన్ని కాసేపు పక్కన పెట్టి చూసినా ఆ మేస్త్రీ ప్రతిపాదనలో ఒక పెద్ద లోపం ఉంది. కామన్ రైల్ ఇంజిన్ శుభ్రంగా మండాలంటే దాని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు), వైరింగ్ మొత్తం, రైలు ప్రెషర్ సెన్సారు, యాక్సిలరేటర్ పెడల్ సెన్సారు, ఈజీఆర్ (వాడిన పొగలో కొంత తిరిగి లోపలికి పంపే ఏర్పాటు), సైలెన్సర్ లైనులో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ అన్నీ దానితో పాటే రావాలి. షెడ్డులో చూపించిన ఇంజిన్‌కు ఈజీఆర్‌ను రేకు ముక్కతో మూసేసి ఉంది, కన్వర్టర్ అసలు లేనే లేదు. "అవి లేకుంటేనే పికప్ బాగుంటది సార్" అన్నాడు మేస్త్రీ, బండి చురుగ్గా లాగుతుందనే అర్థంలో. బీఎస్ 4 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాల్లో నాలుగో దశ) ఇంజిన్ అని చెప్పి అమ్ముతూ, దాన్ని బీఎస్ 4 చేసిన భాగాలనే తీసి పక్కన పెడితే కొనేవాడికి మిగిలేది ఇనుము బరువు మాత్రమే.

చివరకు నా ఆర్‌సీలో ఉన్న రకం ఇంజిన్‌నే, అదే సీసీ, అదే డీఐ, ప్రమాదంలో దెబ్బతిన్న ఒక బండి నుంచి తీసినదాన్ని కొన్నాను. అనుమతి కోసం దరఖాస్తు చేసి, కాగితం చేతికొచ్చాకే బిగింపు మొదలుపెట్టించాను. కాగితాల సంగతి ఎవరికైనా పనికొస్తుందని కొంచెం వివరంగా చెబుతాను. అమ్మిన వ్యక్తి మొదట ఇచ్చిన బిల్లులో "సెకండ్ హ్యాండ్ ఇంజిన్ ఒకటి" అని మాత్రమే ఉంది. ఇంజిన్ నంబరు లేని ఆ బిల్లు పట్టుకుని ఆర్టీఏ కార్యాలయానికి వెళ్లినందుకు ఒక రోజు వృథా అయింది. నంబరు రాయించిన బిల్లు, ఆ ఇంజిన్ వచ్చిన బండి ఆర్‌సీ జిరాక్సు తీసుకెళ్లాక పని సాగింది. బిగించాక బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బ్లాకు మీది నంబరును పెన్సిల్ ప్రింట్ తీయించి, బిల్లుతో సరిచూసి, ఆర్‌సీలో నమోదు చేయించారు. బీమా కంపెనీకి కొత్త ఇంజిన్ నంబరు విడిగా తెలియజేయాలి. అది మరచిపోతే క్లెయిము వేళ తలనొప్పి తప్పదు. ఏటా ఫిట్‌నెస్‌కు వెళ్లే బండికి ఈ నంబరు సరిపోకపోతే ఎన్ని పరీక్షలు నెగ్గినా లాభం ఉండదు.

ఇక పొగ. బీఎస్ 4కు ముందు డీజిల్ బండ్లకు పరిమితి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ మసకను కొలిచే కొలమానం), బీఎస్ 4 బండ్లకు 50. పాత బండ్లకు సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది కాబట్టి ఈ ఆరేళ్లలో పన్నెండుసార్లు నేను పొగ కొలిచే పైపు సైలెన్సర్‌లో పెట్టించుకున్నాను. ఇంజిన్ బాగా వేడెక్కాక, గేరు న్యూట్రల్‌లో ఉంచి, యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా పూర్తిగా తొక్కి వదలాలి, అలా వరుసగా కొన్నిసార్లు చేసి సగటు తీయాలి. బంకుల దగ్గర నిలిపే కొన్ని వ్యాన్లలో కుర్రవాళ్లు పెడల్‌ను సగం కూడా తొక్కకుండా 20, 22 అని కాగితం ఇచ్చేస్తారు. ఆ కాగితంతో పోలీసుల దగ్గర గడిచిపోతుంది గాని, నా ఇంజిన్ పరిస్థితి నాకు తెలియదు. అందుకే రెండో ఏడాది నుంచి పెడల్ నేనే తొక్కుతానని అడిగి కూర్చుంటున్నాను.

ఇంజిన్ ఎక్కించిన వారానికి వచ్చిన మొదటి రీడింగు 61. గట్టెక్కినట్టే గాని, మనసుకు నచ్చలేదు. రాణిగంజ్‌లో కొత్త నాజిల్స్ (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ముక్కులు) కొని, వాటికి డీజిల్ పంపే పంపును డీజిల్ పంపుల షాపులో బెంచి మీద కాలిబ్రేషన్ చేయించి, టాపెట్లు (వాల్వుల సందు) సరిచేయించాక అదే బండి 41 చూపించింది. వాడిన ఇంజిన్ కొనేవారు ఈ ఖర్చును ఇంజిన్ ధరలో భాగంగానే లెక్కించుకోవాలి. ఇంజిన్ 58 వేలు, నాజిల్స్, పంపు పని 14 వేలు, దించి ఎక్కించిన కూలి, హోస్ పైపులు, ఆయిలు కలిపి మరో 17 వేలు అయ్యాయి. ఆ తర్వాత నాలుగేళ్లు రీడింగు 40కీ 47కీ మధ్యనే ఉంది. 2023 వేసవిలో ఒక్కసారి 59కి ఎగబాకింది. నల్ల పొగ కనిపించింది. నాజిల్స్ విప్పించాలనుకుంటూనే ముందు ఎయిర్ ఫిల్టరు తెరిచి చూస్తే, ఎర్రమట్టి ధూళితో ఇటుకలా గట్టిపడి ఉంది. ఫిల్టరు మార్చిన సాయంత్రానికే 44. గాలి చాలకపోతే నల్ల పొగ, రింగుల పక్క నుంచి ఆయిలు పైకి వస్తే నీలి పొగ అన్న చిన్న సంగతిని షెడ్డుకు వెళ్లేముందు గుర్తుచేసుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఈ పరీక్ష కొలిచేది పొగ మసక మాత్రమే, నైట్రోజన్ ఆక్సైడ్లను అది చూడదు. ఈజీఆర్ ఉన్న ఇంజిన్‌లో కొంత వాడిన పొగను తిరిగి సిలిండర్‌లోకి పంపి మంట వేడిని తగ్గించడం ఆ ఆక్సైడ్లను అదుపు చేయడానికే. దాన్ని మూసేస్తే మసి తగ్గి, రీడింగు ఇంకా అందంగా వస్తుంది. వ్యాన్ దగ్గర ఆ మోసం ఎవరికీ పట్టుబడదు. అందువల్లనే ఇంజిన్ రకం మారకూడదన్న షరతు నాకు మొదట్లో అనిపించినంత అర్థరహితంగా ఇప్పుడు అనిపించడం లేదు. ఆరు నెలలకోసారి జరిగే ఈ పరీక్ష పట్టుకోలేని దాన్ని పట్టుకోవడానికి మన దగ్గర ఉన్నది ఆ ఆర్‌సీ ఒక్కటే.

మా అక్క కొడుకు కాలిఫోర్నియాలో ఉంటాడు, వాడికీ పాత పికప్‌ల పిచ్చి ఉంది. అక్కడ వేరే మోడల్ ఇంజిన్ పెట్టుకోవచ్చు. కాకపోతే ఆ ఇంజిన్ బండి తయారైన సంవత్సరానిదైనా, అంతకంటే కొత్తదైనా కావాలి, దానితో వచ్చిన కన్వర్టర్, సెన్సార్లు, మిగతా కాలుష్య నియంత్రణ భాగాలన్నీ ఉండాలి, రెఫరీ అనే అధికారిక పరీక్షకుడు చూసి తలుపు దగ్గర లేబుల్ అంటించాలి. 1975, అంతకు ముందరి పెట్రోలు బండ్లకైతే స్మాగ్ పరీక్షే (అక్కడి పొగ పరీక్ష) లేదు. ఆ మాట విని నాకు కొంత అసూయ కలిగింది. భాగాలన్నిటితో సహా కొత్త ఇంజిన్ పెట్టుకుంటామంటే తనిఖీ చేసి ఒప్పుకునే పద్ధతి ఇక్కడా ఉండవలసింది.

వాడకం గురించి ఫిర్యాదులు తక్కువే. పాత ఇంజిన్ చివరి రోజుల్లో లీటరుకు 10 ఇచ్చేది, ఇది 12 దాటి ఇస్తోంది. 2020 ఏప్రిల్ నుంచి బంకుల్లో వస్తున్న, గంధకం 10 పీపీఎంకు తగ్గించిన బీఎస్ 6 డీజిల్ పాత పంపులకు పడదని అప్పట్లో కొందరు భయపెట్టారు. లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగినా నా పంపుకు ఏ ఇబ్బందీ రాలేదు. మొయినాబాద్ నుంచి నిండు లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు రెండో గేరు తప్పదు. కామన్ రైల్ బండ్లు పక్క నుంచి దూసుకుపోతాయి, అప్పుడు మాత్రం ఆ మేస్త్రీ మాటలు గుర్తొస్తాయి.

సొంత పనికి పాత బండి ఉంచుకునేవారికి, బాడీ, ఛాసిస్ తుప్పు పట్టకుండా ఉంటే, ఈ పని చేయించుకోమనే చెబుతాను. కిరాయికి రోజూ నగరంలో తిప్పేవారు ఆ 89 వేలను కొత్త బండి డౌన్ పేమెంటులో కలుపుకోవడం మేలు. నా బండికి వచ్చే నెలలో మళ్లీ పొగ పరీక్ష ఉంది. నాజిల్స్ పెట్టి ఆరేళ్లయింది కాబట్టి ఈసారి రీడింగు పెరిగేదాకా ఆగకుండా, ముందే విప్పించి ప్రెషర్ చూపించుకుంటాను.