ఇంట్లో స్టెయిన్‌లెస్ వెల్డింగుకి స్టిక్, మిగ్, టిగ్: చాలాకాలం వాడాక తేలిన లెక్క

ఏ మెషీన్ కొనాలన్నది రెండో ప్రశ్న. రేకు మందం ఎంత, అతుకు వెనకవైపు తడి తగులుతుందా, ఆ వెనకవైపుకి మళ్లీ చెయ్యి వెళ్తుందా అన్నవి ముందు తేలాలి. స్టిక్ అంటే పూత ఉన్న రాడ్డుతో, మిగ్ అంటే మెషీన్ తోసే వైరుతో గ్యాస్ నీడలో, టిగ్ అంటే కరగని టంగ్‌స్టన్ మొనతో గ్యాస్ నీడలో వేసే వెల్డింగు. మూడు పద్ధతులూ బాగా వాడాక నా లెక్క ఇది. 2 మి.మీ. లోపు పనికి డీసీ టిగ్. 3 మి.మీ. పైన, అందం పట్టింపు లేనిచోట స్టిక్. రోజూ పొడవాటి అతుకులు వేసేవాళ్లకే మిగ్.

దీనికి కారణం లోహంలోనే ఉంది. 304 రకం స్టెయిన్‌లెస్, మామూలు ఇనుముతో పోలిస్తే వేడిని మూడోవంతే పక్కకి లాగుతుంది, వేడెక్కితే దాదాపు ఒకటిన్నర రెట్లు సాగుతుంది. పెట్టిన వేడి పెట్టినచోటే కూర్చుని రేకుని అప్పడంలా వంచేస్తుంది. 1.5 మి.మీ. రేకుకి 25-30 మి.మీ.కి ఒక టాకా (చిన్న చుక్క అతుకు) పడాలి. అదీ ఒక చివర్నుంచి వరసగా కాదు, మధ్యలో ఒకటి, రెండు చివర్లా రెండు, ఆ తర్వాత మిగతావి. అతుకు వెనక మందపాటి రాగి పట్టీ బిగిస్తే సగం వంకర తగ్గుతుంది. 425 నుంచి 870 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే క్రోమియం కార్బన్‌తో కలిసిపోయి, అతుకు పక్కన గీత గీసినట్టు తుప్పు పడుతుంది. అందుకే రాడ్డయినా వైరయినా ‘ఎల్’ రకమే తీసుకోవాలి, అందులో కార్బన్ తక్కువ. 304కి 308ఎల్, 316కి 316ఎల్, స్టెయిన్‌లెస్‌ని మామూలు ఇనుముకి కలపాలంటే 309ఎల్.

స్టిక్‌కి ఖర్చు తక్కువ, గ్యాస్ అక్కర్లేదు, గాలి వీచినా పని ఆగదు. 308ఎల్-16 రాడ్డు 2.5 మి.మీ.దైతే 55-80 ఆంపియర్లు, 2 మి.మీ.దైతే 35-55, హోల్డర్ ప్లస్‌లో. మామూలు ఇనుప రాడ్డుకి పెట్టే కరెంటు దీనికి పెడితే సగం కాలేసరికి మిగతా రాడ్డు ఎర్రగా కాలి, పూత పెచ్చులుగా రాలిపోతుంది. కోర్ తీగకి విద్యుత్ నిరోధం ఎక్కువ, దానికదే వేడెక్కుతుంది. ఆర్క్ (రాడ్డు మొనకీ లోహానికీ మధ్య మెరుపు) పొట్టిగా పట్టి, ఊపకుండా నేరుగా లాగాలి. అతుకు చల్లారేటప్పుడు స్లాగ్ (అతుకు మీద గట్టిపడ్డ పూత తెట్టు) టిక్కుమంటూ తనంతట తానే ఎగురుతుంది. హెల్మెట్ ఎత్తి వంగి చూసేది సరిగ్గా అప్పుడే, కాబట్టి లోపల కళ్లద్దాలు ఉండి తీరాలి. రాడ్డు చెమ్మ పీలిస్తే అతుకు నిండా సూదిరంధ్రాలే. 1.5 మి.మీ. రేకు మీద స్టిక్ చెయ్యొచ్చు గానీ, వేసిన అతుకు కన్నా పూడ్చిన చిల్లులు ఎక్కువుంటాయి.

మిగ్ గురించి క్లుప్తంగా చెప్తాను, ఇంటి పనికి దాని ఖర్చు గిట్టదు. మామూలు ఇనుముకి వాడే 80-20 గ్యాస్ (80 శాతం ఆర్గాన్, 20 శాతం కార్బన్ డయాక్సైడ్) వేసినా అతుకు పడుతుంది, కానీ నల్లగా, కార్బన్ ఎక్కి, తుప్పుకి లొంగేలా పడుతుంది. 98 శాతం ఆర్గాన్, 2 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న సిలిండర్ వేరే పెట్టాలి, 0.8 మి.మీ. 308ఎల్ఎస్ఐ వైరు కావాలి, వైరు ఈడ్చుకోకుండా అది నడిచే గొట్టం లోపల టెఫ్లాన్ లైనర్ మార్చాలి. ఇన్ని చేశాక కూడా మందపాటి ముక్క మీద పైపైన అంటుకుని, లోపల కలవని అతుకు మోసం చేస్తుంది.

ఇక టిగ్. నేర్చుకోవడానికి రోజులు పడుతుంది, చెయ్యి కుదిరాక వేరేది పట్టుకోబుద్ధి కాదు. 1 మి.మీ. రేకుకి 30-40 ఆంపియర్లు, 1.5కి 45-60. 1.6 మి.మీ. లాంథనం టంగ్‌స్టన్‌ని పొడవు వెంట, మొన పొడవు మందానికి రెండు రెట్లు వచ్చేలా సానబట్టాలి. టార్చ్ మైనస్‌లో, ఎర్త్ ప్లస్‌లో. స్టిక్ పని చేసి కేబుల్ మార్చడం మర్చిపోతే మొన క్షణంలో గోళీ అయిపోతుంది. గ్యాస్ శుద్ధ ఆర్గాన్, నిమిషానికి 7-9 లీటర్లు. పెంచితే మంచిదనుకోవద్దు, అప్పుడు సుడి లేచి బయటి గాలిని లోపలికి లాగుతుంది. 7 క్యూబిక్ మీటర్ల సిలిండర్ నిమిషానికి 8 లీటర్ల చొప్పున 14 గంటల పైచిలుకు వస్తుంది. చేతి వాల్వు టార్చ్‌ని రాత్రి కట్టకుండా వదిలేస్తే తెల్లారేసరికి చాలావరకు ఖాళీ.

లిఫ్ట్ టిగ్ (మొన ఆనించి ఎత్తితే ఆర్క్ అంటుకునే పద్ధతి) మాత్రమే ఉన్న చవక ఇన్వర్టర్‌తో అసలు తంటా అతుకు చివర్లో. ఆర్క్ ఆపాలంటే టార్చ్ పైకి లాగాలి, దాంతో ఎర్రటి లోహం మీద నుంచి గ్యాస్ కూడా పోతుంది. మధ్యలో చిన్న గుంట, గుంటలో నక్షత్రంలా చీలిక. కాస్త వేగం పెంచి, ఆఖరి ఫిల్లర్ (అతుకులో కరిగించే తీగ) చుక్క వేసి, ఆర్క్‌ని అతుకు మీదికే వెనక్కి తిప్పి ఆపితే చాలావరకు తప్పుతుంది. నన్నడిగితే ఆంపియర్లకి పెట్టే డబ్బు, కరెంటుని మెల్లగా దించే సౌకర్యానికీ, ఆర్క్ ఆగాక 8-10 సెకన్లు గ్యాస్ వదిలే సౌకర్యానికీ, పెడల్‌కీ పెట్టాలి. ఇంటి పనికి 200 ఆంపియర్లు ఎక్కువే. టార్చ్ మొన చుట్టూ ఉండే కప్పు వెనక గ్యాస్ లెన్స్ (గ్యాస్‌ని సాఫీగా పారించే జాలీ) పెడితే మూలల్లో తేడా స్పష్టంగా తెలుస్తుంది.

అతుకు రంగే తీర్పు చెప్తుంది. గడ్డిరంగు, బంగారు రంగు వస్తే బాగున్నట్టు. నీలం ముదిరితే వేడి ఎక్కువ. బూడిద రంగు వచ్చిందంటే గ్యాస్ చాలలేదు, లేదా చెయ్యి నెమ్మది.

పైపుల దగ్గర అందరూ మర్చిపోయేది లోపలివైపు. బయట ఎంత మెరిసినా, లోపల ఆర్గాన్ లేకపోతే వెనకంతా మాడిన పాకంలా నల్లగా గరుకుగా పొంగుతుంది. ఆ గరుకులో మురికి చేరుతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. చివర్లు అల్యూమినియం టేపుతో మూసి, కిందనుంచి ఆర్గాన్ పంపి, పైన చిన్న రంధ్రం ఉంచాలి, ఆర్గాన్ గాలి కన్నా బరువు కదా. లోపలి ఘనపరిమాణానికి ఐదారు రెట్లు పోయాక మొదలుపెట్టి, ప్రవాహం నిమిషానికి 2-5 లీటర్లకి తగ్గించాలి. చివరి అంగుళం మూసేటప్పుడు ఇంకా తగ్గించకపోతే లోపలి ఒత్తిడికి కరిగిన లోహం ఎదురు చిమ్ముతుంది. రేకు పనికి వెనక గాలి తగలనివ్వని ఫ్లక్స్ పేస్టు పూసినా గడుస్తుంది.

ఇనుము మీద వాడిన గ్రైండింగ్ డిస్కు, వైరు బ్రష్షు స్టెయిన్‌లెస్ మీద పెట్టొద్దు. అంటుకున్న ఇనుప పొడి త్వరలోనే తుప్పు చుక్కలై, వెల్డింగుది కాని తప్పుని వెల్డింగు మీద వేస్తుంది. తుడవడానికి అసిటోన్ చాలు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచి ఆర్క్ కొడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. రంగు తీయడానికి అమ్మే పిక్లింగ్ పేస్టులో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది, చర్మంలోంచి లోపలికి దిగి ఎముక దాకా పోతుంది. ఇంట్లో దాని జోలికి పోకుండా స్టెయిన్‌లెస్ బ్రష్షుతో రంగు తీసి, ఆపైన సిట్రిక్ ఆమ్లం పట్టించడం మేలు. స్టిక్ పొగలో ఆరు వేలెన్సీ క్రోమియం ఉంటుంది, అది క్యాన్సర్ కారకం. టిగ్‌లో పొగ చాలా తక్కువ. స్టిక్ వాడినరోజు మాత్రం గుడ్డ మాస్కు పనికిరాదు, సన్నటి పొగ కణాల్ని ఆపే పీ100 ఫిల్టర్లున్న మాస్కు పెట్టుకుని, పొగ ముఖం వైపు రాకుండా పక్కనుంచి లాగేలా ఫ్యాను పెట్టాలి.