అమెరికా నగరాల్లో హత్యలు: తుపాకీ మీద ఏ చట్టం మేలు?

"చికాగోలో తుపాకీ చట్టాలు అంత గట్టిగా ఉన్నాయి కదా, మరి అక్కడే అన్ని హత్యలెందుకు?" అమెరికాలో కాల్పుల వార్త వచ్చిన ప్రతిసారీ మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ ప్రశ్న ఎవరో ఒకరు వేస్తారు. వెంటనే ఇంకొకరు "న్యూయార్క్‌లోనూ గట్టి చట్టాలే, అక్కడ తగ్గలేదా" అని ఎదురు వేస్తారు. నిజానికి ఇద్దరి మాటలోనూ తప్పులేదు. 2022లో న్యూయార్క్‌లో లక్ష జనాభాకు ఐదు హత్యలు జరిగితే, చికాగోలో పాతిక పైచిలుకు జరిగాయి. తుపాకీ కొనడానికీ జేబులో పెట్టుకుని తిరగడానికీ పర్మిట్ అక్కర్లేని మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో ఆ ఏడాది లెక్క దాదాపు డెబ్బై. ఈ మూడు నగరాల్లో తనకు పనికొచ్చే రెండింటిని ఏరుకుంటే ఎవరైనా ఏ వాదనైనా నెగ్గొచ్చు.

"గన్ కంట్రోల్" అనే ఒక్క మాట కింద ఒకదానితో ఒకటి పోలికలేని చట్టాలు చాలా ఉన్నాయి. నగరంలో పిస్టల్ ఉండటమే నేరమనేది ఒకటి. కొనేముందు పోలీసుల దగ్గర లైసెన్సు తీసుకోమనేది ఇంకొకటి. బయటికి పట్టుకెళ్లాలంటే పర్మిట్ కావాలనేది మరొకటి. వీటన్నిటికీ కలిపి "పనిచేస్తుందా, చేయదా" అని అడిగితే జవాబు దొరకదు. విడివిడిగా చూడాలి.

నగరం ఒక్కటే నిషేధిస్తే

చికాగో 1982లో కొత్త పిస్టళ్ల రిజిస్ట్రేషన్ ఆపేసింది. అంటే చట్టప్రకారం కొత్తగా పిస్టల్ ఉంచుకునే దారి మూసేసినట్టే. వాషింగ్టన్ డీసీ అంతకు ఆరేళ్ల ముందే ఆ పని చేసింది. ఆ తర్వాత ఏమైంది? 1992లో చికాగోలో 943 హత్యలు. 1991లో డీసీలో, ఆరు లక్షల జనాభా ఉన్న ఊళ్లో, 480కి పైగా. క్రాక్ కొకైన్ వ్యాపారం, దాని చుట్టూ గ్యాంగుల గొడవలు విరుచుకుపడినప్పుడు కాగితం మీది నిషేధం అడ్డుపడలేకపోయింది. డీసీ నిషేధం మొదటి పదేళ్లలో తుపాకీ హత్యల్ని నాలుగో వంతు తగ్గించిందని 1991లో ఒక అధ్యయనం వచ్చింది. పక్కనే ఉన్న బాల్టిమోర్‌లో నిషేధం లేకుండానే అదే కాలంలో తగ్గాయి కదా అని తర్వాత మరికొందరు దాన్ని తప్పుబట్టారు.

నిషేధం ఎందుకు పారలేదో చికాగో పోలీసుల లెక్కల్లోనే ఉంది. 2017లో నగరం విడుదల చేసిన నివేదిక ప్రకారం, నేరాల్లో పట్టుబడి ఆచూకీ తెలిసిన తుపాకుల్లో 60 శాతం దాకా చికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రం బయట మొదట అమ్ముడైనవి. ఒక్క పక్క రాష్ట్రం ఇండియానా నుంచే ఐదో వంతు వచ్చాయి. ఇండియానా సరిహద్దు చికాగో నగరానికి ఆనుకునే ఉంది. నేర చరిత్ర లేని మనిషి దుకాణంలో నాలుగు పిస్టళ్లు కొని, ఇంకొకడి చేతిలో పెడతాడు. భూముల రిజిస్ట్రేషన్లలో మనకు బాగా తెలిసిన బినామీ వ్యవహారమే ఇది. మన దేశంలో లైసెన్సు రావడం ఎంత కష్టమైనా బీహార్‌లోని ముంగేర్ నాటు పిస్టళ్లు హైదరాబాద్ దాకా వస్తూనే ఉన్నాయి కదా.

నిషేధం వల్ల దెబ్బతిన్న వాళ్లు ఎవరన్నది కూడా చూడాలి. చికాగో మీద కేసు వేసిన ఓటిస్ మెక్‌డొనాల్డ్ డెబ్బై దాటిన నల్లజాతి పెద్దాయన, రిటైర్డ్ ఉద్యోగి. ఆయన ఇంట్లో పలుమార్లు దొంగలు పడ్డారు. వీధిలో కుర్రాళ్ల దగ్గర తుపాకులున్నాయి, తను మాత్రం ఉంచుకోకూడదు. 2010లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. డీసీ నిషేధం 2008లోనే పోయింది. తుపాకీ హక్కులవాళ్లు చెప్పే వాదనల్లో నాకు అన్నిటికన్నా బరువైనదిగా కనిపించేది ఇదే. చట్టానికి లోబడేవాడి చేతులు మాత్రమే కట్టేసే చట్టం మంచి చట్టం కాదు.

"చికాగోలో గట్టి చట్టాలు" అనే మాట కూడా ఇప్పుడు కొంత పాతబడింది. నిషేధం 2010లోనే పోయింది. 2013లో వచ్చిన చట్టంతో ఇల్లినాయ్‌లో లైసెన్సుతో తుపాకీ వెంట పెట్టుకుని తిరగొచ్చు కూడా. ఆ తర్వాత 2016లో నగరంలో హత్యలు 750 దాటాయి, 2024కి 573కి దిగాయి.

అందరి దగ్గరా ఉంటే?

దీనికి పూర్తిగా ఎదురు దారి ఇంకొకటుంది. మంచివాళ్ల జేబుల్లో కూడా పిస్టల్ ఉంటే దొంగ భయపడతాడనే వాదన. 1997లో జాన్ లాట్, డేవిడ్ మస్టర్డ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దీనికి లెక్కలు చూపించారు. పర్మిట్లు ధారాళంగా ఇచ్చిన రాష్ట్రాల్లో హింసాత్మక నేరాలు తగ్గాయన్నారు. ఆ పేపర్ అమెరికా శాసనసభల్లో చాలా దూరం వెళ్లింది. ఇప్పుడు 29 రాష్ట్రాల్లో అసలు పర్మిట్టే లేకుండా తుపాకీ దాచుకుని తిరగొచ్చు.

కానీ ఆ లెక్కలు నిలబడలేదు. 2004లో అమెరికా సైన్స్ సంస్థ నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ వేసిన కమిటీ మొత్తం సమాచారం తిరగేసి, తగ్గించిందనీ పెంచిందనీ తేల్చడానికి ఆధారం చాలదంది. తర్వాత ఎక్కువ సంవత్సరాల డేటాతో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ డొనొహ్యూ బృందం చేసిన పని 2019లో వచ్చింది. పర్మిట్లు ధారాళంగా ఇచ్చే చట్టం తెచ్చిన పదేళ్లకు హింసాత్మక నేరాలు, చట్టం లేకుంటే ఉండేదానికన్నా 13 నుంచి 15 శాతం ఎక్కువ. తర్వాత డొనొహ్యూ మరికొందరితో కలిసి 47 పెద్ద నగరాలను తీసుకుని కారణాలు వెతికాడు. పర్మిట్లు ఇచ్చాక తుపాకుల దొంగతనాలు సుమారు 35 శాతం పెరిగాయి. పోలీసులు ఛేదించే హింసాత్మక కేసుల శాతం 13 శాతం పడిపోయింది.

దొంగతనాల సంగతి కొంచెం ఆలోచించండి. జేబులో పిస్టల్‌తో బయల్దేరినవాడు స్టేడియంకో ఆఫీసుకో వెళ్లినప్పుడు దాన్ని కార్లో వదిలేస్తాడు. రాత్రికి అద్దం పగులుతుంది. మర్నాటి నుంచి "మంచివాడి తుపాకీ" వేరేవాడి చేతిలో ఉంటుంది. పోలీసుల తరఫున చూస్తే, ప్రతి ట్రాఫిక్ స్టాప్‌లోనూ ఎదుటివాడి దగ్గర తుపాకీ ఉందేమోనన్న టెన్షన్.

ఆత్మరక్షణ లెక్కల్లోనూ పెద్ద తేడా ఉంది. ఏటా 25 లక్షల సార్లు అమెరికన్లు తుపాకీతో తమను తాము కాపాడుకుంటున్నారని నేర పరిశోధకుడు గ్యారీ క్లెక్ 1995లో అంచనా వేశాడు. నేర బాధితులతో ప్రభుత్వం చేసే సర్వే ప్రకారం అది లక్షకు అటూ ఇటూ. నిజం ఏదైనా సున్నా మాత్రం కాదు, అంత మాత్రం ఒప్పుకోవాలి.

మనవాళ్లు చాలామందికి తెలియని విషయం ఒకటి. ఎఫ్-1, హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్యాస్ స్టేషన్‌లోనో కన్వీనియన్స్ స్టోర్‌లోనో రాత్రి కౌంటర్ దగ్గర నిలబడే తెలుగు కుర్రాడికి "నీ దగ్గరా ఒకటి ఉంచుకో" అని చెప్పేవాళ్లు అతన్ని కేసులోకి తోస్తున్నట్టే. అందరి దగ్గరా తుపాకులుండే ఊళ్లో, అవి లేకుండా నిలబడాల్సిన కొద్దిమందిలో అతనొకడు.

కొనేముందే ఆపడం

కనెక్టికట్ 1995లో ఒక చట్టం తెచ్చింది. పిస్టల్ కొనాలంటే ముందు పోలీసులకు దరఖాస్తు పెట్టాలి, వేలిముద్రలివ్వాలి, ఎనిమిది గంటల భద్రతా శిక్షణ తీసుకోవాలి. దుకాణంలో కొన్నా పక్కింటివాడి దగ్గర కొన్నా ఇదే నియమం. మిస్సోరీలో సరిగ్గా దీనికి ఎదురు జరిగింది. 1921 నుంచి అక్కడ కౌంటీ షెరిఫ్ (మన జిల్లా పోలీసు అధికారి లాంటివాడు) దగ్గర పర్మిట్ తీసుకుంటేనే పిస్టల్ కొనగలిగేవాళ్లు. 2007లో దాన్ని రద్దు చేశారు. ఒకచోట పెట్టారు, ఇంకోచోట తీసేశారు. పరిశోధకులకు ఇలాంటి అవకాశం అరుదు.

కనెక్టికట్‌లో తుపాకీ హత్యలు చట్టం లేకుంటే ఉండేదానికన్నా 40 శాతం తగ్గాయని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ పరిశోధకులు మొదట అన్నారు. ఎక్కువ కాలం కలిపి మళ్లీ చూస్తే 28 శాతం తేలింది. మిస్సోరీలో రద్దు తర్వాత తుపాకీ హత్యల రేటు పాతిక శాతం దాకా పెరిగిందని 2014 అధ్యయనం చెప్పింది. నాకు ఈ శాతాలకన్నా ఎక్కువ నమ్మకం కలిగించింది ఇంకొకటి. మిస్సోరీలో నేరాల్లో దొరికిన తుపాకుల్లో ఆ రాష్ట్రంలోనే అమ్ముడైనవి రద్దుకు ముందు 55 శాతం ఉంటే, 2012కి 70 దాటాయి. అంతకుముందు బయటినుంచి తెచ్చుకోవాల్సినవి ఇంటి దగ్గరే దొరకడం మొదలైందన్నమాట. హత్యలు పెరగడానికి వంద కారణాలు చెప్పొచ్చు, తుపాకీ ఎక్కడ కొన్నారన్న దానికి అన్ని కారణాలుండవు.

ఇక్కడ మామూలు బ్యాక్‌గ్రౌండ్ చెక్ (కొనేవాడి నేర చరిత్ర చూడటం) ఒక్కటే సరిపోదని కూడా తెలుస్తోంది. కాలిఫోర్నియాలో 1991 నుంచి ప్రైవేటు అమ్మకాలకు కూడా చెక్ తప్పనిసరి చేశారు, తుపాకీ హత్యల్లో చెప్పుకోదగ్గ మార్పేమీ కనిపించలేదు. దుకాణంలో కంప్యూటర్ మీద పేరు కొట్టి చూడటం వేరు, పోలీస్ స్టేషన్‌కు స్వయంగా వెళ్లి వేలిముద్ర వేయడం వేరు. బినామీగా కొనేవాడికి రెండోది కాళ్లు వణికిస్తుంది.

నగరాలు డబ్బిచ్చి పాత తుపాకులు వెనక్కి తీసుకునే బైబ్యాక్‌ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. తుప్పు పట్టినవి వస్తాయి, ఫొటోలు వస్తాయి. అసాల్ట్ రైఫిళ్ల నిషేధం పాఠశాల కాల్పుల చర్చకు సంబంధించింది. నగర వీధి హత్యల్లో అన్ని రకాల రైఫిళ్ల వాటా బాగా తక్కువ, అక్కడ పనంతా పిస్టల్‌దే.

"తుపాకీ లేకపోతే కత్తి" అనే మాట

ఇది మనకు సబబుగానే అనిపిస్తుంది. రాయలసీమ ఫ్యాక్షన్ ఊళ్లలో వేటకొడవళ్లు, నాటు బాంబులతోనే తరాల తరబడి చంపుకున్నారు. కానీ అవి మనుషుల్ని పోగేసి, మాటువేసి చేసిన హత్యలు. అమెరికా నగరాల్లో చాలా హత్యలు అలాంటివి కావు. పార్కింగ్ దగ్గర మాటామాటా పెరగడం, ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరో ఏదో అనడం, అయిదు నిమిషాల కోపం. ఆ అయిదు నిమిషాల్లో చేతిలో ఏముందన్నదే లెక్క. న్యాయశాస్త్ర పరిశోధకుడు ఫ్రాంక్లిన్ జిమ్రింగ్ 1968లో చికాగో పోలీసు రికార్డులు చూసి, కత్తి దాడికన్నా తుపాకీ దాడిలో మనిషి చనిపోయే అవకాశం అయిదు రెట్లని తేల్చాడు. న్యూయార్క్, లండన్ జనాభా దాదాపు సమానం. లండన్‌లో దోపిడీలు తక్కువేం కాదు, కత్తిపోట్లు రోజూ వార్తే. అయినా 2023లో అక్కడ హత్యలు 110 చిల్లర, న్యూయార్క్‌లో 391. ఇది పూర్తిగా 1997 బ్రిటన్ పిస్టల్ నిషేధం గొప్పతనం అనుకోకండి. ఆ నిషేధం తర్వాత కొన్నేళ్లు అక్కడ తుపాకీ నేరాలు పెరిగాయి కూడా. అంతకుముందు నుంచే ఆ దేశంలో పిస్టళ్లు కొద్దిగానే ఉండటం అసలు తేడా.

చట్టం మారకుండానే తగ్గిన చోట్లు

చట్టాల మీద వాదించుకునే రెండు పక్షాలూ దాటేసే భాగం ఇది. బోస్టన్‌లో 1990ల మొదట్లో ఏటా సగటున 44 మంది కుర్రాళ్లు, 24 ఏళ్లలోపు వాళ్లు, హత్యకు గురయ్యేవారు. 1996లో పోలీసులు, పాస్టర్లు, సామాజిక కార్యకర్తలు కలిసి గ్యాంగుల్లోని కొద్దిమందినే పిలిచి మాట్లాడారు. "మీలో ఒక్కడు కాల్చినా గ్యాంగ్ మొత్తం మీద పడతాం. మానేస్తామంటే ఉద్యోగం, చదువు మేం చూస్తాం." 1997కి ఆ సంఖ్య 15. ఓక్లాండ్‌లో 2012లో మొదలైన ఇలాంటి పనితో తుపాకీ హత్యలు సుమారు 31 శాతం తగ్గాయని తేల్చారు.

న్యూయార్క్ మొదట వేరే దారి తొక్కింది. 2011లో పోలీసులు 6,85,000కి పైగా మందిని వీధుల్లో ఆపారు. ఎక్కువమంది నల్లవాళ్లు, లాటినోలు. తుపాకీ దొరికింది వందలో ఒకరి దగ్గర కూడా కాదు. విమర్శలు, కోర్టు కేసులు, 2013 తీర్పుతో ఆ ఆపడాలు 2017కి పన్నెండు వేల లోపుకి పడిపోయాయి, హత్యలు 515 నుంచి 292కి తగ్గాయి. గట్టి చట్టం అమలు చేస్తున్నామని చెప్పి ఊరందరినీ తడమడం అనవసరమని ఆ అంకెలే చెబుతున్నాయి.

ఫిలడెల్ఫియాలో 2021లో 562 హత్యలు, 2024లో 269. ఆ మూడేళ్లలో పెన్సిల్వేనియా తుపాకీ చట్టంలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. కొవిడ్ కాలంలో దేశమంతా ఎగబాకిన హింస దేశమంతా దిగింది. 2022లో సుప్రీంకోర్టు న్యూయార్క్ పర్మిట్ చట్టంలోని ప్రత్యేక కారణం చూపాలనే షరతును కొట్టేసినప్పుడు రక్తపాతమే అన్నారు. అదీ జరగలేదు, కానీ దాన్నిబట్టి పర్మిట్లు నిరపాయమనడానికీ లేదు, ఎందుకంటే అప్పుడు అన్నిచోట్లా తగ్గుతూనే ఉన్నాయి.

నన్ను వరసలో పెట్టమంటే, రాష్ట్రవ్యాప్తంగా కొనుగోలు లైసెన్సునూ బోస్టన్ తరహా పనినీ జంటగా ముందు పెడతాను. రెండోది ఆర్నెల్లలో ఫలితం చూపగలదు కానీ మేయర్ మారితే ఆగిపోతుంది. మొదటిది నెమ్మది, కానీ నిలుస్తుంది. నగర నిషేధం చాలా దూరంలో మూడోది. పర్మిట్ లేకుండా తిరగనివ్వడం చివరిది, నగరాల మట్టుకు అది నష్టమే.

కొనుగోలు లైసెన్సుకు తర్వాతి పరీక్ష వాషింగ్టన్ రాష్ట్రంలో. 2025లో సంతకమైన చట్టం 2027 మే నుంచి అమల్లోకి రావాలి. సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్మండ్‌లలో మనవాళ్లు వేలల్లో ఉన్నారు కాబట్టి ఈసారి చర్చ మన గ్రూపుల్లోనూ వేడిగానే సాగుతుంది. అప్పుడు సియాటిల్ హత్యల సంఖ్యతో పాటు ఇంకో అంకె కూడా అడగాలి: అక్కడ నేరాల్లో దొరికే తుపాకుల్లో పక్కనున్న ఇడాహోలో కొన్నవి ఎంత శాతం, అది పెరుగుతోందా?