రెండు లారీలు, 2 లక్షల 80 వేల కిలోమీటర్లు: సింథటిక్ ఆయిల్ వాడి చూశాక

సింథటిక్ ఆయిల్ పోస్తే లారీ మైలేజీ పెరుగుతుందా అని అడిగేవాళ్ళకి నా జవాబు: పెరుగుతుంది. నా బండికి రెండున్నర శాతం పెరిగింది. లీటరుకి 4.30 కిలోమీటర్లు ఇచ్చే బండి ఇప్పుడు 4.41 ఇస్తోంది. షాపుల్లో పది శాతం, పదిహేను శాతం అంటారు. ఆ మాట నమ్ముకుని పోస్తే నిరాశే మిగులుతుంది. పైగా నాకు వచ్చిన రెండున్నర శాతంలో ఇంజన్ ఆయిల్ వాటా చాలా తక్కువ. దాదాపు అంతా హౌసింగ్ (వెనక ఇరుసు మధ్య క్రౌన్, పినియన్ అనే పళ్ళచక్రాలు తిరిగే పెట్టె), గేర్ బాక్స్ ఆయిల్ వల్లే వచ్చింది. ఇది ముందే తెలిసి ఉంటే అక్కడే మొదలుపెట్టేవాణ్ణి.

నాకు రెండు లారీలు ఉన్నాయి. రెండూ 2018లో కొన్నవే, ఒకే మోడల్, పది టైర్లు, బీఎస్4 (అప్పటి కాలుష్య ప్రమాణం). లోడుతో కలిపి 28 టన్నులు. జగ్గయ్యపేట నుంచి విశాఖపట్నానికి సిమెంటు, తిరుగు లోడు యూరియా గానీ బొగ్గు గానీ. ఒక వైపు సుమారు 430 కిలోమీటర్లు. అప్పుడప్పుడు విశాఖ నుంచి సాలూరు మీదుగా రాయ్‌పూర్ కిరాయి దొరికితే వెళ్తాయి. ఏడాదికి ఒక్కో బండి 90 వేల కిలోమీటర్లు తిరుగుతుంది. డీజిల్ లీటరు 97 రూపాయల లెక్కన ఒక శాతం తేడా అంటే ఏడాదికి ఇరవై వేలు. ఫైనాన్స్ కిస్తీ కట్టేవాడికి అది చిన్న మొత్తం కాదు.

2022 ఫిబ్రవరిలో మొదటి బండి ఇంజన్‌లో మామూలు (మినరల్) 15డబ్ల్యూ-40 తీసేసి సింథటిక్ 10డబ్ల్యూ-40 పోయించాను. రెండో బండిని పాత ఆయిల్ మీదే ఉంచాను. అలా ఉంచడం వల్లే ఈ సమీక్ష రాయగలుగుతున్నాను. ఆయిల్ మార్చిన మరుసటి నెలలో మొదటి బండి 4.55 ఇచ్చింది. ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను. నెలాఖరున రెండో బండి లెక్క కూడా తీస్తే అది కూడా పెరిగి ఉంది! కాటా చీటీలు ముందేసుకుని చూస్తే సంగతి తెలిసింది. ఆ నెల తిరుగు లోడ్లు తక్కువ బరువుతో వచ్చాయి, రెండు ట్రిప్పులు ఖాళీగానే వచ్చాయి. దానికి తోడు మొదటి బండికి అదే వారంలో ముందు టైర్లు కొత్తవి వేసి అలైన్‌మెంట్ చేయించాను. రెండో బండి లేకపోతే ఆ క్రెడిట్ అంతా ఆయిల్ ఖాతాలో రాసేసేవాణ్ణి. అమెరికాలో లారీల మైలేజీ పరీక్షకి ఎస్ఏఈ జె1321 అనే పద్ధతి ఉంది. అందులో కూడా ఏమీ మార్చని బండి ఒకటి పక్కన నడవాల్సిందే.

ఆ నెల లెక్క కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఒకే బంకు, ఒకే గన్, ట్యాంకు మెడ దాకా నింపడం, ప్రతి ట్రిప్పుకీ కాటా బరువు రాసుకోవడం. సోమవారం పొద్దున ఇంజన్ వేడెక్కక ముందే అన్ని టైర్లలో గాలి చూడటం. నెలకోసారి డ్రైవర్లని బండ్లు మార్చుకోమన్నాను. వాళ్ళకి మొదట నచ్చలేదు. "ఓనరు గారూ, ఆ బండి క్లచ్ నా కాలికి పడదండీ" అన్నాడు పెద్దాయన. ఒక్క కాలు తేడాతో ఐదు శాతం మైలేజీ అటూ ఇటూ అవుతుందని ట్రిప్ షీట్లు చూపించాక ఒప్పుకున్నారు.

ఆయిల్ మార్చిన ఆరు నెలలకి తేలింది ఇది: ఇంజన్ ఆయిల్ మార్చినందుకు 4.30 కాస్తా 4.32 అయింది. అంతే.

ఎందుకింత తక్కువ అని కూర్చుని చదివాను. 15డబ్ల్యూ-40లో డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా ఉంటుందో చెబుతుంది, డబ్ల్యూ అంటే వింటర్. వెనకున్న 40 ఇంజన్ బాగా వేడెక్కాక, అంటే 100 డిగ్రీల దగ్గర చిక్కదనం. 15డబ్ల్యూ-40 అయినా, 10డబ్ల్యూ-40 అయినా, మినరల్ అయినా, సింథటిక్ అయినా ఆ వేడి దగ్గర చిక్కదనం 12.5కీ 16.3 సెంటీస్టోక్స్‌కీ (చిక్కదనం కొలత) మధ్యలోనే ఉండాలి. పొద్దున్నే మంచు గడ్డకట్టే దేశంలో ముందు అంకె వల్ల తేడా తెలుస్తుంది. విజయవాడలో జనవరిలో కూడా తెల్లవారుజామున పదిహేను డిగ్రీల కంటే దిగడం అరుదు. బండి ఒకసారి స్టార్ట్ అయితే పది గంటలు ఆగదు. నిజంగా మైలేజీ తేడా చూడాలంటే 40 నుంచి 30కి దిగాలి. నా ఇంజన్ మాన్యువల్‌లో 30కి అనుమతి లేదు. లేని దానికి పోసి బేరింగులు పోగొట్టుకోలేను, కాబట్టి ఆ ఆలోచన మానేశాను.

2022 ఆగస్టులో హౌసింగ్ వంతు వచ్చింది. అసలు మార్పు అక్కడ కనిపించింది. మన దగ్గర హౌసింగ్‌లో ఏళ్ళ తరబడి 85డబ్ల్యూ-140 పోస్తున్నాం. దాని చోట సింథటిక్ 75డబ్ల్యూ-90 జీఎల్-5 (జీఎల్ అనేది గేర్ ఆయిల్ తరగతి) పోయించాను, 16 లీటర్లు పట్టింది. ఆటోనగర్‌లో మా మేస్త్రీ డబ్బా వంచి రెండు వేళ్ళ మధ్య రుద్ది చూసి, "ఏంట్రా ఇది, నీళ్ళలా ఉంది. క్రౌన్ పోద్ది, నా మాట విను" అన్నాడు. "బాబాయ్, ఓసారి పాతది చూడు" అన్నాను. డ్రెయిన్ బోల్టు విప్పితే పాత ఆయిల్ తారులా, తాడులా సాగుతూ దిగింది. బకెట్ నిండటానికి పావుగంట పైనే పట్టింది. రోజూ పొద్దున క్రౌన్ వీల్ తిరగాల్సింది అందులోనే. పప్పు గుత్తితో పల్చటి మజ్జిగ చిలకడానికీ గడ్డ పెరుగు చిలకడానికీ చేతికి తేడా తెలియదా? 40 డిగ్రీల దగ్గర 140 ఆయిల్ ఈ 75డబ్ల్యూ-90 కంటే మూడు రెట్లకు పైగా చిక్కగా ఉంటుంది. పూర్తిగా వేడెక్కాక కూడా ఇంచుమించు రెండింతలు. ఆ ముద్దని చిలకడానికి అయ్యే డీజిల్ అంతా వృథాయే.

బోల్టు చివర అయస్కాంతానికి పట్టుకున్న ఇనప రజను గుడ్డతో తుడిచి వేలితో నలిపి చూశాను. మెత్తటి బూడిదలా ఉంది, గరుకు ముక్కలు లేవు. గరుకుగా తగిలితే మాత్రం ఆయిల్ సంగతి పక్కన పెట్టి ముందు క్రౌన్, పినియన్ పళ్ళు మేస్త్రీకి చూపించుకోవాలి.

గేర్ బాక్స్ దగ్గర ఒక పొరపాటు జరగబోయింది. షాపతను అదే జీఎల్-5ని "రెండింటికీ ఇదే పోయండి, పవర్‌ఫుల్" అని ఇచ్చాడు. నా గేర్ బాక్స్‌కి మాన్యువల్ చెప్పింది జీఎల్-4. జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు ఎక్కువ. క్రౌన్, పినియన్ పళ్ళు ఒకదాని మీద ఒకటి జారుతూ రుద్దుకుంటాయి కాబట్టి అక్కడ అవి కావాలి. గేర్ బాక్స్‌లో గేర్లు సాఫీగా పడేలా చేసే సింక్రోనైజర్ రింగులు ఇత్తడివి. కొన్ని జీఎల్-5 ఆయిల్స్ ఇత్తడిని తినేస్తాయి. డబ్బా వెనక్కి ఇచ్చి సరైనది తెప్పించుకోవడానికి రెండు రోజులు బండి ఆగింది. ఆగినా మంచిదే అయింది.

హౌసింగ్, గేర్ బాక్స్ రెండూ మార్చాక ఏడాది సగటు 4.41. అదే కాలంలో రెండో బండి 4.27 నుంచి 4.28 దగ్గరే ఉండిపోయింది. అమెరికా పర్యావరణ సంస్థ లారీల కోసం నడిపే స్మార్ట్‌వే కార్యక్రమంలో కూడా ఇంజన్, గేర్ ఆయిల్స్ రెండూ కలిపి సుమారు 3 శాతం అనే చెప్పారు. నా లెక్క దానికి దగ్గరగానే వచ్చింది. దీన్ని మించి రావడానికి చోటు కూడా లేదు. మనం పోసే డీజిల్‌లో సగానికి పైగా సైలెన్సర్, రేడియేటర్ దారిన వేడిగా పోతుంది. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం గాలినీ టైర్లనీ గెలవడానికి ఖర్చవుతుంది. ఆయిల్ పని చేయగలిగేది ఆ చివరి కొద్ది రూపాయల మీదే.

అంకెల కంటే నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది సాలూరు ఘాటు. డిసెంబరులో రెండు బండ్లూ ఒకే రోజు, ఇంచుమించు ఒకే బరువుతో రాయ్‌పూర్ వెళ్ళాయి. నేను కూడా వెళ్ళాను. ఘాటు ఎక్కి పైన పక్కకి ఆపించి, టెంపరేచర్ గన్ తీసుకుని రెండు బండ్ల కిందా దూరాను. పాత ఆయిల్ హౌసింగ్ 107 డిగ్రీలు. కొత్త ఆయిల్ హౌసింగ్ 94. టెయిల్ పినియన్ దగ్గర ఇనుము మీద నీళ్ళు చల్లితే పాత దాని మీద చుయ్యిమని లేచిపోయాయి, కొత్త ఆయిల్ ఉన్న దాని మీద కాసేపు నిలిచి ఆవిరయ్యాయి. పదమూడు డిగ్రీల తేడా అంటే అంత వేడి డీజిల్ నుంచి పుట్టలేదన్నమాట. సీల్స్‌కీ బేరింగులకీ కూడా అంత ఆయుష్షు.

లోపాలూ ఉన్నాయి. హౌసింగ్ ఆయిల్ మార్చిన మూడో వారంలో పినియన్ ఆయిల్ సీల్ దగ్గర చెమ్మ మొదలైంది. పాత సీల్ గట్టిపడిపోయి ఉంది, ఇన్నాళ్ళూ చిక్కటి ఆయిల్ దాని లోపాన్ని కప్పి ఉంచింది. కొత్త సీల్ వేశాక ఆగింది. హబ్‌లలో ఖరీదైన సింథటిక్ గ్రీజు కూడా వేసి చూశాను, మైలేజీలో ఏ తేడా కనిపించలేదు, మామూలు లిథియం కాంప్లెక్స్ గ్రీజుకే తిరిగి వచ్చాను.

ఇంజన్ సింథటిక్ వల్ల లాభం లేదని మాత్రం అనను. ఆ లాభం వేరే చోట ఉంది. మినరల్ ఆయిల్ 18 వేల కిలోమీటర్లకి మార్చేవాణ్ణి. సింథటిక్ సీకే-4ని (సీకే-4, సీఐ-4 అనేవి డీజిల్ ఇంజన్ ఆయిల్ తరగతులు) 36 వేల దాకా నడుపుతున్నాను, ప్రతిసారీ ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి పంపి చూసుకుంటూ. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బంకుల్లో వచ్చేది బీఎస్6 డీజిల్, అందులో గంధకం 10 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో పది. అంతకు ముందు బీఎస్4 డీజిల్‌లో 50 ఉండేది. గంధకం తగ్గితే ఆయిల్‌లో ఆమ్లం తక్కువ పుడుతుంది, దాన్ని విరిచే శక్తి, అంటే టీబీఎన్, ఎక్కువ కాలం నిలుస్తుంది. కొత్తలో 10 ఉన్న టీబీఎన్ 36 వేల దగ్గర ఐదు పైనే ఉంటోంది. అయినా పరీక్ష లేకుండా గడువు పెంచమని ఎవరికీ చెప్పను.

ఆ పరీక్షే ఒకసారి నా ఇంజన్‌ని కాపాడింది. 20 వేల దగ్గర పంపిన మొదటి శాంపిల్‌లో సిలికాన్ 38 పీపీఎం, ఇనుము 70 అని వచ్చింది. ఆయిల్‌లో సిలికాన్ అంటే చాలావరకు దుమ్మే. సిమెంటు ఫ్యాక్టరీ యార్డుల్లో తిరిగే బండి కాబట్టి భయం వేసింది. ఎయిర్ ఫిల్టర్ కొత్తదే. మేస్త్రీ ఫిల్టర్ నుంచి టర్బోకి వెళ్ళే రబ్బరు గొట్టం విప్పి వంచి పట్టుకుంటే, క్లాంపు కింద కనపడని చోట గోరు పట్టేంత పగులు ఉంది. లోపలి వైపు వేలు పెడితే బూడిద రంగు దుమ్ము అంటింది. ఫిల్టర్‌తో పని లేకుండా ఆ దుమ్మంతా నేరుగా సిలిండర్లలోకి పోతోంది. గొట్టం మార్చాక తర్వాతి శాంపిల్‌లో సిలికాన్ 11. ఆ రోజు ల్యాబ్‌కి కట్టింది 2,500 రూపాయలు. రింగులు, లైనర్లు అరిగిపోయి ఇంజన్ విప్పాల్సి వస్తే ఎంతయ్యేదో లారీ ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

డబ్బు లెక్క. ఇంజన్‌కి 18 లీటర్లు. మినరల్ లీటరు 290 లెక్కన, ఏడాదికి ఐదు మార్పులు, ఫిల్టర్లతో కలిపి సుమారు 35 వేలు. సింథటిక్ లీటరు 540, ఏడాదికి రెండున్నర మార్పులు, ఫిల్టర్లూ ల్యాబ్ ఖర్చూ కలిపినా అదే 35 వేలు. హౌసింగ్, గేర్ బాక్స్ కలిపి 26 లీటర్లు. సింథటిక్ 19 వేల పైన పడుతుంది కానీ నేను 2 లక్షల 40 వేల కిలోమీటర్లకి మార్చాలనుకున్నాను. ఆ దూరానికి పాత ఆయిల్ మూడుసార్లు మార్చాలి, అది 22 వేల పైనే. అంటే ఆయిల్ ఖర్చు ఆయిల్‌కే సరిపోయింది. డీజిల్‌లో ఏడాదికి 520 లీటర్లు, అంటే 50 వేల రూపాయలు మిగిలింది. అందులో దాదాపు 41 వేలు హౌసింగ్, గేర్ బాక్స్ పుణ్యమే. షెడ్డులో బండి నిలిచే రోజులు కూడా సగం తగ్గాయి.

కొనేటప్పుడు చూసుకోవలసినవి రెండు చెబుతాను. డబ్బా మీద సింథటిక్ అని ఉన్నంత మాత్రాన లోపల ఒకే రకం ఉండదు. పెట్రోలియం నుంచే బాగా శుద్ధి చేసిన గ్రూప్ 3 ఆయిల్‌ని కూడా ఆ పేరుతోనే అమ్ముతారు, రసాయనికంగా తయారుచేసే పీఏఓ అనేది గ్రూప్ 4. హౌసింగ్‌కి పీఏఓ అయితే మంచిది, ఇంజన్‌కి గ్రూప్ 3 చాలు. ఇక నకిలీ డబ్బాల బెడద నిజంగా ఉంది. ఖాళీ డబ్బాలు కొనుక్కుపోయేవాళ్ళు ఉన్నారు. నా బండికి పోసిన ప్రతి డబ్బాకీ స్క్రూడ్రైవర్‌తో చిల్లు పొడిచాకే షెడ్డు నుంచి కదులుతాను. బీఎస్6 బండి ఉన్నవాళ్ళు పాత సీఐ-4 ఆయిల్ పోయకూడదు. దాని బూడిద డీపీఎఫ్‌లో, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో, పేరుకుంటే కాలి పోయేది కాదు.

మొదటి బండి హౌసింగ్ ఆయిల్ మీద ఇప్పటికి 2 లక్షల 35 వేలు తిరిగింది. వచ్చే నెల డ్రెయిన్ చేయాలి. రెండో బండికి ఇన్నాళ్ళూ పోలిక కోసమే పాత ఆయిల్ ఉంచాను, ఇక ఆ అవసరం లేదు. నిన్ననే 75డబ్ల్యూ-90 తెచ్చి షెడ్డులో పెట్టాను. ఈసారి పినియన్ సీల్ ముందే మార్పిస్తున్నాను.