పాత మ్యాపుల్లో ఊళ్ల పేర్లు: ఏ ఏఐతో చదివిస్తే మేలు?

ముందుగా అందరి చేతికీ తగిలేది టెసరాక్ట్ లాంటి మామూలు ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను చదివి పాఠ్యంగా మార్చే సాఫ్ట్‌వేర్. ఉచితమే కానీ ఈ పనికి అక్కరకు రాదు. అది పుస్తకం పేజీల కోసం పుట్టింది. మ్యాపులో నది పేరు నదితో పాటే వంపులు తిరుగుతుంది, దేశం పేరులో అక్షరానికీ అక్షరానికీ మధ్య నాలుగు ఊళ్లు పడతాయి, కొండల గీతలు పేర్లను తొక్కుకుంటూ పోతాయి.

అసలు పోటీ చాట్ ఏఐకీ, మ్యాపుల కోసమే తయారైన మ్యాప్‌క్యురేటర్‌కీ.

మ్యాపును ముక్కలుగా కత్తిరించి ఇస్తే, చాట్ ఏఐ సగం చెరిగిన పేర్లను కూడా చుట్టుపక్కల ఊళ్లను బట్టి పట్టేస్తుంది. చిక్కూ అక్కడే ఉంది. చూసి రాసిందేదో, ఊహించి రాసిందేదో మనకు తెలియదు. ఓస్లోనే తీసుకోండి. 1925కు ముందు దాని పేరు క్రిస్టియానియా. మొదట్లో ‘సీహెచ్’తో రాసేవారు, 19వ శతాబ్దం చివర్లో ‘కే’కి మారారు. తేదీ లేని మ్యాపులో ఆ ఒక్క అక్షరమే కాలానికి ఆనవాలు కావచ్చు. ఏఐ తనకు అలవాటైన స్పెల్లింగ్ వేసేస్తే ఆ ఆనవాలు చప్పుడు లేకుండా పోతుంది. పైగా పేరు మ్యాపులో ఎక్కడుందో అడిగితే, చెప్పే చోటును నమ్మలేం.

మ్యాప్‌క్యురేటర్ మిన్నెసోటా విశ్వవిద్యాలయం బృందం పని. డేవిడ్ రమ్సీ పాత మ్యాపుల ఆన్‌లైన్ సేకరణలోని వేల మ్యాపుల్లో ఇప్పుడు పేరు కొట్టి వెతకగలుగుతున్నామంటే దాని చలవే. ప్రతి మాట చుట్టూ గీత గీసి చూపిస్తుంది. జియోరిఫరెన్స్ చేసిన, అంటే నేల మీది అసలు చోట్లకు జతపరిచిన మ్యాపైతే అక్షాంశ రేఖాంశాలూ ఇస్తుంది. తప్పులు లేవా? బోలెడు. రెండు మాటల పేరును రెండు ఊళ్లు చేస్తుంది. అయితే ఆ తప్పు తప్పులాగే కనిపిస్తుంది, అందుకే నా ఓటు దీనికి. ఒక్క జాగ్రత్త: ఇందులోనూ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ఆన్‌లైన్ మ్యాపులోని ఇవాళ్టి పేర్లతో పోల్చి స్పెల్లింగ్ దిద్దే భాగం ఉంది. దిద్దకముందు అది చదివిన అక్షరాలనే దాచుకోవాలి. ఇక ఇన్‌స్టాల్ చేసుకోవడం మాత్రం తలనొప్పే, పదీ పన్నెండు మ్యాపులకైతే అంత శ్రమ దండగ.

మనుషుల సంగతి? జీబీ1900 ప్రాజెక్టులో వాలంటీర్లు బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే పాత మ్యాపుల నుంచి 25 లక్షలకు పైగా పేర్లు ఎక్కించారు. ఒకరు రాసినదాన్ని ఇంకొకరు చూసి సరే అనాలన్నది అక్కడి పద్ధతి. దాన్నే ఇక్కడికి తెచ్చుకోవచ్చు: మ్యాప్‌క్యురేటర్ గీసిన ముక్కలనే చాట్ ఏఐకి ఇచ్చి, ‘కనిపించిన అక్షరాలే రాయి, తెలియకపోతే ప్రశ్నార్థకం పెట్టు’ అని చెప్పి, రెండింటి మధ్య తేడా వచ్చిన పేర్లను ముందుగా మన కళ్లతో చూసుకోవడం.