డాబా మీద సోలార్: ఆన్‌గ్రిడ్డా, బ్యాటరీదా, ఏది మేలు?

నిరుడు మే నెలలో, మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించిన పది రోజులకే, మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. పైన ప్యానెళ్లు ధగధగా మెరుస్తున్నాయి, కింద ఫ్యాను మాత్రం ఆగిపోయింది. "ఇంత ఎండ కాస్తుంటే ఫ్యాను తిరగదేంట్రా? మరి అంత డబ్బు పోసింది దేనికి?" అంది అమ్మ. నా దగ్గర జవాబు లేదు. పెట్టినవాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు.

మాది ఆన్‌గ్రిడ్, అంటే బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకే కలిపినది. ఆన్‌గ్రిడ్ అంటే అంతేనట. లైన్లో కరెంటు లేకపోతే సోలార్ ఇన్వర్టర్ దానంతటదే ఆగిపోతుంది. లేదంటే స్తంభమెక్కి పనిచేసే లైన్‌మన్‌కి మన డాబా మీది కరెంటే షాక్ కొడుతుంది. ఆ సంగతి తెలిశాక కోపం తగ్గింది.

కరెంటు ఉన్నంతసేపూ మాత్రం దీనికి సాటి లేదు. పగలు మనం వాడగా మిగిలింది లైన్లోకి పోతుంది, రాత్రి వాడుకున్నది వస్తుంది, నెట్ మీటర్ రెండూ లెక్క కడుతుంది. ఎండ బాగా ఉంటే కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్లు. వానాకాలంలో బాగా తగ్గుతుంది. 2024లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం సూర్యఘర్ కింద 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000, 3 కిలోవాట్లు ఆపైన పెడితే మొత్తం 78,000 రూపాయల సబ్సిడీ. కాకపోతే ముందు మన చేతి నుంచి పెట్టాలి, మీటరు బిగించాకే ఖాతాలో పడుతుంది.

ఆఫ్‌గ్రిడ్‌కు, అంటే లైనుతో పనిలేకుండా బ్యాటరీ మీదే నడిచేదానికి, ఆ సబ్సిడీ లేదు. బ్యాటరీ నిండాక ఎంత ఎండ కాసినా వృథానే. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉండాలి, నాలుగైదేళ్లకు మార్చాలి. లైను రాని తోట ఇంటికైతే సరే, ఊళ్లో ఇంటికి దండగ.

రెండూ కలిసిన హైబ్రిడ్ బాగానే ఉంటుంది, జేబు ఒప్పుకుంటే. బ్యాటరీ ఖర్చు మొత్తం మనదే. రోజూ మూడు నాలుగు గంటలు కోత ఉండే చోట అదే పెట్టుకోవాలంటాను. మాకు అప్పుడప్పుడు పోయేది అరగంటే. అందుకని హాల్లో ఉన్న పాత ఇన్వర్టర్, బ్యాటరీ తీసేయకుండా అలాగే ఉంచేశాం. రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు దాని మీదే. అమ్మకి టెన్షన్ లేదు.

తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్లలోపు జీరో బిల్లు వచ్చే ఇంటికైతే ఈ మూడింట్లో ఏదీ వద్దు. మిగల్చడానికి అక్కడ బిల్లేది?

ఏది పెట్టినా ముందు నీడ చూసుకోండి, అదీ చలికాలంలో. సూర్యుడు దక్షిణానికి వాలి నీడలు బారుగా సాగుతాయి. డిసెంబరులో మా ట్యాంకు నీడ సాయంత్రం మూడింటికే రెండు ప్యానెళ్ల మీద పడింది. ట్యాంకును కదపలేక ప్యానెళ్ల స్టాండునే నాలుగడుగులు పక్కకు జరిపించాం. ఆ కూలి ఏ కొటేషన్లోనూ లేదు.