ఆరు నూనె సీసాలు, ఒక సంగటి ముద్ద: మూడేళ్లు వాడాక

ముందే చెప్పేస్తా, ఇది ఎవరో డబ్బులిచ్చి రాయించుకున్నది కాదు, డబ్బులు పోగొట్టుకున్నది నేనే. మూడేళ్ల కింద తిరుపతిలో ఒక కల్యాణ మండపంలో ఏదో ఆరోగ్యం మీటింగని పక్కింటి అక్క లాక్కుపోయింది. అక్కడ చేతి మీద ఒక్కో చుక్క వేసి వాసన చూపిస్తూ సైనస్‌కు ఇది, నిద్రకు ఇది, షుగర్‌కు ఇది అని చెప్పుకుంటూ పోయారు. బయటికొచ్చేసరికి నా సంచిలో ఎసెన్షియల్ ఆయిల్స్, అంటే మొక్కల నుంచి తీసిన ఘాటు వాసన నూనెలు, 15 మిల్లీలీటర్ల సీసాలు ఆరు, పర్సులో ఎనిమిది వేలు తక్కువ. ఇంటికొచ్చాక మా అత్త ఒక మూత తీసి వాసన చూసి "ఏందిమే ఇది, మన అంగట్లో దొరికే నీలగిరి తైలమే గదా" అనింది. అంగటి సీసా తెప్పించి పక్కన పెట్టి చూస్తే నాకూ పెద్ద తేడా తెలీలేదు, కానీ ఆ మాట ఆమెతో అనలేదు.

నా బాధలు ఇవీ: చలికాలం రాగానే ముక్కు బిగేస్తుంది, నెలకు మూడు నాలుగు సార్లు తలనొప్పి, రాత్రి రెండింటికి మెలకువ. వీటికితోడు అప్పుడే వచ్చిన రిపోర్టులో హెచ్‌బీఏ1సీ (షుగర్ చూసే రక్తపరీక్ష) 6.3. "6.5కి చేరితే షుగరేనమ్మా, అంచున ఉన్నావు" అన్నాడు డాక్టరు.

మొదట పనికొచ్చింది చెప్తా. పుదీనా నూనె, అదే పెప్పర్‌మింట్. చిన్న చెంచా కొబ్బరినూనెలో రెండు చుక్కలు, అంతకు మించి వద్దు, కణతల మీద రాసుకుని (కళ్లకు దూరంగా, ఒకసారి తగిలించుకుని అరగంట ఏడ్చాను) లైటు ఆపి పడుకుంటే తలనొప్పి కాస్త ఓర్చుకునేలా అవుతుంది. నొప్పిని తీసేయడం లేదని నాకు తెలుసు. అందులోని మెంథాల్ చర్మంలో చలిని పసిగట్టే నరాలను తట్టి లేపుతుంది, నిజానికి చర్మం చల్లబడదు, చల్లగా ఉన్నట్టు అనిపిస్తుంది, ధ్యాస అటు మళ్లుతుంది. నాకు అది చాలు. అలిపిరి మెట్లు 3550 ఎక్కి వచ్చిన రోజు పిక్కలకు కూడా ఇదే రాస్తా. లావెండర్ మాత్రం నిద్ర తెప్పించిందా, లేక దాని కోసమని పదింటికే ఫోన్ పక్కన పెట్టడం వల్ల నిద్రొచ్చిందా అంటే చెప్పలేను.

ఇక దెబ్బ తిన్నది. నిమ్మ నూనె రెండు చుక్కలు గ్లాసు నీళ్లలో వేసుకుని పరగడుపున తాగితే లివర్ శుభ్రమవుతుందని మీటింగులో చెప్పారు. నూనె నీళ్లలో కలవదని బడిలో చదువుకున్నదే, అయినా బుర్ర పనిచేయలేదు. రెండు చుక్కలూ పైన తేలుతూ వచ్చి నేరుగా పెదవికి, నాలుకకి తగిలాయి. సాయంత్రం దాకా గొంతు మంట, రసం మింగినా మంటే. అమ్మినామెకు ఫోన్ చేస్తే "ఒంట్లో విషాలు బయటికి పోతున్నాయక్కా, ఆపొద్దు" అంది! డాక్టరు మాత్రం తిట్టి, లివర్‌ను ఎవరూ కడగక్కర్లేదు, ఆ పని చేసేదే లివర్ అన్నాడు. ఆ రోజు నుంచి ఏ సీసా నోటిదాకా పోలేదు.

ఎండ సంగతి కూడా చెప్పాలి. నిమ్మగడ్డి నూనె సీసాను మే నెలంతా కిటికీలో వదిలేశాను, మన ఊరి ఎండ తెలుసు కదా. జూన్‌లో తీస్తే డ్రాపర్ రబ్బరు ఉబ్బి బంకలా సాగింది, వాసన మారిపోయింది, అయినా పారేయడానికి మనసు రాక మోచేతికి రాస్తే ఎర్రగా దద్దుర్లు. ఇప్పుడు సీసాలు బీరువా అడుగున చీకట్లో ఉంటాయి. డిఫ్యూజర్ (నూనె వాసనను ఆవిరిలా గదిలోకి చిమ్మే మెషీన్) కొంటే దాంట్లో బోరు నీళ్లు పోయకండి, తెల్లటి సున్నం పేరుకుని మెషీన్ ఆగిపోతుంది, నాది రెండోది.

ఇంట్లో చంటిపిల్లలుంటే ఇంకా జాగ్రత్త. మా చెల్లి కొడుక్కి ఎనిమిది నెలలప్పుడు జలుబు చేస్తే నీలగిరి తైలం, కర్పూరం కలిపి ఛాతీకి రాయబోయారు. పిల్లల డాక్టరు వద్దే వద్దన్నాడు. ఆ వయసులో ఊపిరి ఆడక ఇబ్బంది పడొచ్చట, కర్పూరం పొరపాటున కడుపులోకి పోతే ఫిట్స్ కూడా రావచ్చు. విరిగిన ఎముకలకు వేసే పుత్తూరు కట్టు పుట్టిన చోట ఉన్నాం, మనకు ఆసుపత్రి కన్నా ముందు ఎవరో ఒకరు ఒక నూనె చెప్తారు.

రిపోర్టును మార్చింది మాత్రం కంచం. షుగర్ నూనె అరికాళ్లకు రాస్తే పదిహేను రోజుల్లో రిపోర్టు మారుతుందన్నారు. హెచ్‌బీఏ1సీ అంటే సుమారు మూడు నెలల సగటు, ఎర్ర రక్తకణం బతికేదే 120 రోజుల దాకా, పదిహేను రోజుల్లో ఎంతని మారుతుంది? నేను సంగటికి మారాను, రాగులు షుగర్‌కు మంచివి కదా అని రెండు ముద్దలు, నాటుకోడి పులుసుతో. తిన్న రెండు గంటలకు మా ఆయన మీటర్‌తో చూసుకుంటే 198! మీటర్ పాడైందనుకుని ఇంకో స్ట్రిప్పు తగలేశాను. తప్పు మీటర్‌ది కాదు. 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది, అది నిజమే, కానీ సంగటంటే ఉడుకుతున్న అన్నంలో రాగిపిండి వేసి తెడ్డుతో కెలికేదే కదా, పిండి పిండే. మరుసటి వారం ఒకే ముద్ద, పక్కన పులగూర (ఆకుకూరలు కలిపి చేసే కూర) రెండు గరిటెలు, ఒక గుడ్డు, ముందు పులగూర తిని తర్వాత సంగటి: 147. ఆ తేడా కళ్లతో చూశాక ఎవరూ నాకు చెప్పాల్సిన పని లేకపోయింది. సంక్రాంతి రోజుల్లో పితికిపప్పు కూర, మిగతా కాలమంతా ఏదో ఒక ఆకుకూర, చెనక్కాయల ఊరిబిండి, అదే పచ్చడి, మాత్రం కొంచెమే (కొంచెం అంటే మా ఇంట్లో అర్థం వేరు). పొద్దున యూనివర్సిటీ గ్రౌండ్‌లో నలభై నిమిషాల నడక.

ఏడాదికి 5.8కి దిగింది. నడకదెంత, సంగటిదెంత అని విడదీసి చెప్పలేను. ఇది చూసి మా ఆయన "నేను కూడా మాత్రలు ఆపేసి ఇదే చేస్తా" అన్నాడు. ఆయనది ఎనిమిదేళ్ల షుగర్, గొడవ పడి మరీ ఆపనివ్వలేదు, డాక్టరు చెప్పినప్పుడే ఏదైనా.

ఇప్పుడు కొనేవి రెండే, పుదీనా, నీలగిరి. సీసా మీద మొక్క శాస్త్రీయ నామం ఉందో లేదో చూస్తా, తెల్లకాగితం మీద చుక్క వేసి ఆరబెడతా, జిడ్డు మరక మిగిలితే మామూలు నూనె కలిపినట్టే, ఈ రెండూ అయితే ఆరిపోవాలి. షుగర్ నూనె ఇంకా ముప్పావు సీసా ఉంది, మా అత్త తలుపు బందులకు రాస్తోంది, కిర్రుమనడం అయితే తగ్గింది. నా 5.8 మాత్రం పోయిన మామిడి సీజన్ అయ్యాక 6.0కి ఎక్కింది.