ఇంట్లో గురి సాధనకు స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్: నాలుగు నెలల వాడకం తరువాత

బెంగళూరు మారతహళ్లిలోని మా ఇంటి నుంచి షూటింగ్ క్లబ్బుకు వెళ్లి రావడానికే సాయంత్రమంతా సరిపోతున్నందువల్ల, రోజూ ఒక అరగంట ఇంట్లోనే సాధన చేసుకుందామని మన దేశంలో తయారైన బ్రేక్ బ్యారెల్ (గొట్టాన్ని కిందికి వంచితే లోపలి స్ప్రింగ్ బిగుసుకునే) ఎయిర్ రైఫిల్ ఒకటి కొన్నాను. ఇది 0.177 అంగుళాల క్యాలిబర్, అంటే 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ (చిన్న సీసపు గుండు) వాడే తుపాకీ. ఆర్మ్స్ రూల్స్ 2016 ప్రకారం ఈ క్యాలిబర్‌లో 20 జౌల్స్ శక్తికి మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కరలేదు. తూటా పేల్చే 0.22 రైఫిల్‌కు లైసెన్సు తప్పనిసరి. అపార్ట్‌మెంటులో దాన్ని వాడే మాటే లేదు.

ముందుగా చెప్పవలసింది దీని కుదుపు గురించి. ట్రిగ్గర్ నొక్కగానే రైఫిల్ మొదట వెనక్కు తన్ని, స్ప్రింగ్ తోసే లోపలి పిస్టన్ చివరికి చేరేసరికి ముందుకు ఉరుకుతుంది. పెల్లెట్ ఇంకా బ్యారెల్‌లో ఉండగానే ఈ కదలిక మొదలవుతుంది కనుక, ఎంత బిగించి పట్టుకుంటే గురి అంతగా చెదురుతుంది. మొదటి రెండు వారాలు భుజానికి అదిమిపట్టి కాల్చాను; రంధ్రాలు అరచేయంత మేర చెల్లాచెదురైతే తప్పు గురి చూసే సైట్‌దేననుకుని దాని మరలు తిప్పుతూ గడిపాను. ఎడమ అరచేతిని తెరిచి రైఫిల్‌ను దానిపై ఊరికే ఆనించడం, పెల్లెట్ తగిలిన చప్పుడు విన్నాక కూడా ఒక క్షణం కదలకుండా నిలబడడం అలవాటయ్యాక, అయిదు రంధ్రాలూ రూపాయి బిళ్ల కింద దాగేంత దగ్గరకు వచ్చాయి. ఈ నిలకడ నేర్పినందుకే నాకు ఈ తుపాకీ అంటే ఇష్టం. ట్రిగ్గర్ మాత్రం బరువుగా ఉంది. పెల్లెట్ లేకుండా ఉత్తినే పేల్చి సాధన చేయడం స్ప్రింగ్ రైఫిల్‌తో కుదరదు. పెల్లెట్ అడ్డు లేనప్పుడు పిస్టన్‌ను మెత్తగా ఆపే గాలి ఒత్తిడి ఉండక, అది గట్టిగా కొట్టుకుని లోపలి భాగాలు దెబ్బతింటాయి.

అమ్మిన దుకాణంపై నాకు గట్టి ఫిర్యాదే ఉంది. పెల్లెట్లు ఆపడానికని వారు ఇచ్చిన డబ్బాలో ఒక చెక్క పలక తప్ప ఏమీ లేదు. మూడో రోజున ఒక పెల్లెట్ ఆ పలకకు తగిలి వెనక్కు ఎగిరి, నా చెవి పక్కగా వెళ్లి పుస్తకాల అల్మారా అద్దాన్ని పగలగొట్టింది. ఇప్పుడు మందపాటి ఇనుప రేకును కిందికి వాలేలా అమర్చి, అడుగున పాత బట్టలు కూరిన పెట్టె వాడుతున్నాను. అందులో పడిన సీసం పెల్లెట్లు కందిపప్పు బద్దల్లా చదునై దొరుకుతాయి. దాని వెనక ఇటుక గోడ, నా కళ్లకు రక్షణ అద్దాలు, ఆ గదిలోకి ఎవరూ రాకుండా గడియ పెట్టిన తలుపు లేకుండా ఒక్క పెల్లెట్ కూడా కాల్చను. సీసం ముట్టుకున్న చేతులను సబ్బుతో కడగకుండా వంటింట్లోకి వెళ్లను.

మా హాలులో నేరుగా దొరికే దూరం అయిదు మీటర్లే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన ఎయిర్ రైఫిల్ పోటీలో దూరం 10 మీటర్లు, టార్గెట్‌లోని నల్లని వలయం వెడల్పు 30.5 మిల్లీమీటర్లు, మధ్యలోని పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు. ఆ కాగితాన్ని సగానికి కుదించి ముద్రిస్తే కంటికి అదే దృశ్యం కనిపిస్తుంది గానీ, పెల్లెట్ సగం కాదు కాబట్టి దాని అంచు వలయాన్ని సులువుగా తాకి మార్కులు ఎక్కువగా వస్తాయి. అందుకే నేను మార్కులు లెక్కపెట్టడం మాని, అయిదు రంధ్రాల మధ్య దూరాన్ని స్కేలుతో కొలిచి తేదీ వేసి రాసుకుంటున్నాను. పోటీలకు సిద్ధమయ్యేవారికి ఈ రైఫిల్ చాలదు, వారికి కుదుపు లేని పీసీపీ (ముందే నింపిన అధిక పీడన గాలితో పేలే) రైఫిల్ కావాలి; నాలాగా క్లబ్బుకు వారానికొకసారి మాత్రమే వెళ్లగలిగే పెద్దవారికి దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను, పెల్లెట్లను ఆపే పెట్టె మాత్రం విడిగా చేయించుకోవాలి.